ఉప్పు తిన్న పైపు

నన్నే ఎందుకు అడుగుతావు రఘూ? ఫార్మింగ్టన్ హిల్స్‌లో గుడికి వెళ్తే చెప్పులు విప్పేచోటే నలుగురు కార్ల ఇంజనీర్లు తగులుతారు. వాళ్లలో ఎవర్నైనా తీసుకెళ్లి చెప్పించు మీ సాన్వికి.

కూర్చో, కూర్చో. కాఫీ తర్వాత తాగుదువుగానిలే, ముందు నేను చెప్పేది విను.

మంగళవారం కోర్టు. తప్పు నాదేనని ఒప్పేసుకుంటే శిక్ష తగ్గుతుందని లాయర్ అన్నాడు. పిల్లేమో ఒప్పుకోనంటోంది. ఆర్చర్డ్ లేక్ రోడ్డు దాటుతూ ఆ పెద్దాయన దాని కారు కింద పడి చనిపోయి మూడు వారాలైంది. ఇప్పటికీ "బ్రేక్ తొక్కాను, పెడల్ కిందకి పోయింది" అన్న మాటే పట్టుకుని కూర్చుంది. అందుకని కార్ల కంపెనీలో బ్రేకులు చూసే ఈ గౌరీశంకర్ అంకుల్ వచ్చి, బ్రేకులు అలా ఊరికే పోవమ్మా, నువ్వు ఫోన్ చూస్తూ ఉండి ఉంటావు, ఒప్పేసుకో అని చెప్పాలి. అంతేగా నువ్వు అడిగేది?

నువ్వూ నమ్మలేదు కదా దాన్ని. శ్రీలేఖ కన్నతల్లి, తనూ నమ్మలేదు.

తప్పు పట్టడం లేదయ్యా. పట్టడానికి నేనెవర్ని.

అసలు ఆ కారు సంగతి నీకెంత తెలుసు? అమెరికన్ కారనేగా కొన్నావు. అది పుట్టింది యూరప్‌లో, బాగా ఎండ కాసే దేశంలో. అక్కడ దానికి ఇంకో పేరు. మా కంపెనీవాళ్ల దగ్గర ఇక్కడ అమ్మడానికి చిన్న కారు లేదు, కొత్తది తయారుచేసే ఓపికా లేదు. ముక్కు మీది బ్యాడ్జ్ పీకేసి మాది తగిలించారు. స్పీడోమీటర్‌లో కిలోమీటర్లు తీసి మైళ్లు వేశాం. కప్ హోల్డర్ ఎంత వెడల్పుండాలని నాలుగు నెలలు మీటింగులు పెట్టాం, నిజం. పెద్ద సోడా గ్లాసు పట్టకపోతే అమెరికావాడు కొనడట.

కింద బ్రేక్ ఆయిల్ పారే పైపులు మాత్రం అక్కడివే వచ్చేశాయి. వాటి మీద పూత పల్చన. ఆ ఊళ్లకి అది చాలు. మిషిగన్‌లో చలికాలమంతా మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు కొడతారు కదా, ఆ ఉప్పు నీళ్లు వెళ్లి పైపుని పట్టుకునే క్లిప్పుల సందుల్లో కూర్చుంటాయి. అందుకే మేం ఉప్పు పరీక్ష పెడతాం. నేనే దగ్గరుండి చేయించాను. పైపు ఫెయిలైంది.

ఆఁ, ఫెయిలైందనే అన్నాను.

మందం పూత పైపు కావాలని రాశాను. రావడానికి ఆర్నెల్లు పడుతుందన్నారు, లాంచ్ ఆగదన్నారు. మా దగ్గర డీవియేషన్ అని ఒక కాగితం ఉంటుంది. రూల్‌కి సరిపోకపోయినా ఈసారికి పోనిద్దాం అని ఇంజనీరు సంతకం పెట్టేది. మొదటి ఏడాది కార్ల వరకే అన్నారు. నా గ్రీన్ కార్డ్ ఫైల్ అప్పుడు వాళ్ల చేతుల్లో ఉంది. అది సాకు కాదు. కాదేంటిలే, సాకే. సంతకం పెట్టాను.

ఎనిమిదేళ్లు శ్రీలేఖ నడిపి, కాలేజీకని సాన్వి చేతికిచ్చారే, అది మొదటి ఏడాది కారు.

పోలీసులు చూశారంటావు. చూశారు, పైపు గుద్దుడుకి తెగిందని రాసుకున్నారు. నిన్న పొద్దున నేను కారు పెట్టిన యార్డుకి వెళ్లాను. కింద దూరి టార్చి వేశాను. దెబ్బ తగిలింది ముందు భాగానికి. పైపు చిల్లిపడింది వెనక చక్రం దగ్గర, క్లిప్పు కింద. ఎన్నాళ్ల తుప్పో. వెతకలేదు రఘూ, చెయ్యి నేరుగా అక్కడికే పోయింది. పైపు పోయినా సగం బ్రేకు మిగిలి ఉంటుంది, నిజమే. కాలి కింద పెడల్ లేకుండా పోతే పందొమ్మిదేళ్ల పిల్లకి అవన్నీ ఏం తోస్తాయి?

అది నిజమే చెప్పింది. ఇంతమందిలో అదొక్కతే చెప్పింది.

ఫొటోలు తీశాను, లాయర్‌కి పంపించు. డీవియేషన్ కాపీ కూడా నా దగ్గరుంది. కోర్టుకి వస్తాను. ఉద్యోగం పోతే పోయింది.

చెయ్యి పట్టుకోకు. వదులు. ఇంకొకటుంది, అది విన్నాక పట్టుకుంటావో లేదో చూద్దాం.

నువ్వు కారు కొంటానన్నప్పుడు ఎంప్లాయీ డిస్కౌంట్ కోడ్ ఇచ్చింది నేనే. మంచి కారు, కళ్లు మూసుకుని కొనుక్కో అన్నాను. అదే నెలలో మా ఆవిడకి కారు కొన్నాను, జపాన్‌ది. కొన్నాళ్లు నేనే దాన్ని ఆఫీస్‌కి తీసుకెళ్లాను. పరాయి కంపెనీ కార్లు పార్కింగ్ లాట్ చివర పెట్టాలి మాకు, మంచులో అంత దూరం నడిచేవాణ్ణి. మీ కంపెనీ కారు నువ్వే కొనలేదేం అని నవ్వుతూ అడిగావు. శశికళకి నడుం నొప్పి, ఎత్తు సీటు కావాలి అన్నాను.

శశికళకి నడుం నొప్పి ఎప్పుడూ లేదు రఘూ.