మేస్త్రి పట్టుకున్న మూల

ఇళ్ల సామాన్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరవేసే ఆ గోడౌను ముందు టీ కొట్టులో, నాలుగు నెలల తర్వాత మళ్లీ మేస్త్రి గొంతు వినిపించింది. గుండెలో పాడైన కవాటం తీయించి కొత్తది పెట్టించుకుని, ఇవాళే పనిలోకి వచ్చాడు. మెడ కింద నుంచి దిగిన కుట్ల గీత అందరికీ కనిపించాలని చొక్కా పై గుండీలు రెండు విప్పుకుని మరీ బల్ల మధ్యలో కూర్చున్నాడు. చుట్టూ అతని జట్టు నలుగురూ ఉన్నారు. లారీ డ్రైవరు, ఇద్దరు అన్నదమ్ములు, ఎప్పుడో గాని నోరు విప్పని పొడుగోడు. టీ కాచే అక్క కూడా ఒక చెవి ఇటే పడేసింది.

లారీ కదలడానికి ఇంకా పావుగంట ఉంది. మొదటి పని మూడో అంతస్తు నుంచి ఓ టేకు బీరువా దింపడం. ఈ పావుగంటలో మేస్త్రి జట్టుకి ఒక్క ముక్క చెప్పాలి. ఇక ఈ జన్మకి బరువులు మోసే పని పెట్టుకోవద్దని డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు. మోయలేని మనిషిని మోసే జట్టులో ఎవరుంచుకుంటారు? పొద్దున్నించీ అతనికి అదే భయం. చెప్పాల్సిన ముక్క నోటిదాకా వచ్చి ఆగిపోతోంది, దాని బదులు వేరే మాటలు వచ్చేస్తున్నాయి. వేరే మాటలకి మేస్త్రి దగ్గర ఏనాడూ కరువు లేదు.

"స్ట్రెచరు తెచ్చారు. ఎందుకండీ అన్నాను. మిమ్మల్ని ఆపరేషన్ గదికి తోసుకెళ్లడానికన్నారు. ఇరవై ఏళ్లుగా జనం సామాన్లన్నీ నేను తోస్తుంటే, నన్నొకరు తోయడమేమిటి? నడిచే వెళ్లాను. ఇంతవరకూ నమ్ముతారు కదా?"

"నమ్ముతాం," అన్నాడు డ్రైవరు.

"నడవడమంటే ఊరికే నడవలేదు. ఆ స్ట్రెచరు మనిషికి పాపం నడుంనొప్పి. అతన్నే దాని మీద పడుకోబెట్టి నేను తోసుకుంటూ పోయాను. లోపల డాక్టర్లు చూసుకోకుండా అతనికి మత్తు సూది పొడవబోయారు, నేను అడ్డం పడ్డాను గాబట్టి సరిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా ఛాతీ తెరిచారు. తెరిచి, పక్క గదుల్లో డాక్టర్లందర్నీ పిలిచారు. ఇంత గుండె మేం పుస్తకాల్లో కూడా చూడలేదే అని ఒకటే ఆశ్చర్యం."

"మత్తులో ఉన్నావు కదా, నీకెలా తెలిసింది?" అన్నాడు అన్నదమ్ముల్లో చిన్నోడు.

"మత్తు ఒంటికిస్తార్రా, చెవులకిస్తారా? విను. కొత్త కవాటం లోపలికి పోవట్లేదు. అటు తిప్పుతారు, ఇటు తిప్పుతారు, చెమటలు తుడుచుకుంటారు. నాకు పడుకున్న చోట ఒళ్లు మండిపోతోంది. ఇరుకు గుమ్మంలోంచి సోఫా ఎలా పోనిస్తాం? నిలబెట్టి, ముందు ఒక చెయ్యి, తర్వాత వీపు, ఆఖర్న కాళ్లు. అదే చెప్పాను. డాక్టరుగారూ, నిలబెట్టండి, ఎడం పక్క కాస్త దించండి, ఆగండి, గోడకి తగుల్తుంది, ఇప్పుడు తిప్పండి అన్నాను. సర్రున పోయి కూర్చుంది! ఆయన మాస్కు తీసి నాకు దణ్ణం పెట్టాడు."

"చేతికి గ్లవ్సుల్తోనే పెట్టాడా?" అన్నాడు పెద్దోడు.

"గ్లవ్సుల్తోనే. ఇంకా విను. మూడు గొట్టాలు, మూడు బంతులు ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటిస్తారు. నోట్లో పైపు పెట్టుకుని ఊపిరి లోపలికి లాగితే బంతులు లేవాలి. ఒక్క బంతి లేస్తే ఆ మనిషి గట్టివాడని లెక్క."

నిజానికి మొదటిరోజు మేస్త్రికి ఒక్క బంతి కూడా లేవలేదు. మొదటిది కాస్త వణికి, అక్కడే కూలబడింది. పక్కన భార్య కూర్చుని, చంటిపిల్లకి అన్నం తినిపిస్తున్నట్టు, ఇంకొంచెం, ఇంకొక్క కొంచెం అని బతిమాలింది. గుండెల మీద దిండు అదుముకుని దగ్గుతూ, తనకి తెలియకుండానే ఏడ్చాడు. ఆ సంగతి గుర్తొచ్చేసరికి మేస్త్రి గొంతు ఇంకాస్త పెంచాడు.

"లాగాను! మూడు బంతులూ టకటకమని పైన అతుక్కుపోయాయి. అక్కడితో ఆగిందా? కిటికీ పరదాలు నా వైపు వచ్చేశాయి. నర్సమ్మ రాసుకుంటున్న కాగితాలు వచ్చాయి. ఎదురు మంచం తాత దుప్పటి వచ్చింది, దాని వెనకే తాత కూడా బయల్దేరాడు. ఊపిరి వదలవయ్యా బాబూ అని నర్సమ్మ తలుపు పట్టుకుని వేలాడుతోంది. గబుక్కున వదిలితే ముసలాయన ఎక్కడ పడతాడో ఏమో! మెల్లిగా, కొద్దికొద్దిగా వదులుతూ, ఆయన మంచం మీదే ఆయన్ని పడుకోబెట్టాను. సామాను దింపడం మనకేమన్నా కొత్తా?"

"మొన్న చూడ్డానికొస్తే మందు సీసా మూత కూడా మీ ఆవిడే తీసిచ్చింది తమ్ముడూ," అంది టీ అక్క.

"అది ఆవిడ ముచ్చటక్కా! కాదంటే నొచ్చుకుంటుందని ఊరుకున్నా. అసలు సంగతి వినండి. అయిదో రోజున లిఫ్టు ఆగిపోయింది. లోపల పద్నాలుగు మంది, అందులో నాకు ఆపరేషన్ చేసిన డాక్టరు కూడా. నేను వరండాలో నడక ప్రాక్టీసు చేస్తున్నా. ఒక చేత్తో సెలైన్ స్టాండు పట్టుకుని, రెండో చేత్తో లిఫ్టు తీగ అందుకున్నాను. ఒక్క గుంజు! అయిదో అంతస్తులో ఆగాల్సిన లిఫ్టు డాబా మీద తేలింది. ఆ ఊపుకి భవనం కూడా జానెడు లేచింది. ఎప్పుడో దాని కింద ఇరుక్కున్న వాచ్‌మన్ చెప్పు అప్పుడే దొరికింది!"

మా చెవుల్లో పూలు కనిపిస్తున్నాయా అంటూ అన్నదమ్ములిద్దరూ పగలబడి నవ్వారు. డ్రైవరుకి పొలమారింది. నవ్వులు సద్దుమణిగాక పెద్దోడు కళ్లు తుడుచుకున్నాడు.

"ఇంకేం మరి! ఇవాళ ఆ బీరువా నువ్వొక్కడివే దింపెయ్. మేం ఇక్కడే కూర్చుని ఇంకో టీ తాగుతాం."

మేస్త్రి ఖాళీ గ్లాసు ఎత్తి ఓ గుక్క తాగినట్టు నటించాడు.

"అక్కడే వచ్చిందిరా చిక్కు. డాక్టరు నా చేతులు పట్టుకుని బతిమాలాడు. నువ్విలా ఎత్తుకుంటూ పోతే ఊళ్లో భవనాలు నిలవవు, ఇక బరువులు ముట్టుకోకు అన్నాడు. ఎంతకాలమండీ అన్నాను. ఎప్పటికీ అన్నాడు."

ఆ మాట అంటూ చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"అదిరా సంగతి. సామాను ఎత్తేటప్పుడు నా మూల పట్టుకోవడానికి ఇంకో మనిషిని చూసుకోండి. నేను ఓనరుకి చెప్పేస్తాను," అన్నాడు మేస్త్రి, వాళ్ల మొహాలు చూడకుండా.

అప్పుడు పొడుగోడు గ్లాసు కింద పెట్టాడు.

"నీ మూలా? ఆపరేషన్‌కి ముందు రెండేళ్లూ ఆ మూలలో ఎంత బరువుందనుకుంటున్నావు మేస్త్రీ?"

"ఎంతేమిట్రా? నాలుగో వంతు."

"చాల్లే. నీకు ఆయాసం మొదలైన దగ్గర్నించీ ఆ మూల కింద నుంచి నా మోత బెల్టు చుట్టి ఉంది. బరువంతా నా భుజాన పడేది. నువ్వు వేళ్లు ఆనించి నడిచావంతే. మలుపులు చూసుకుంటూ, దారి చెబుతూ కేకలేస్తుంటావు గాని, కిందికెప్పుడు చూశావు?"

మేస్త్రి ఆ రెండేళ్లూ మెట్ల మలుపు మలుపుకీ కొలత చూస్తున్నట్టు ఆగి, గోడ వైపు తిరిగి దొంగచాటుగా ఊపిరి తీసుకున్నాడు. ఎవరికీ అనుమానం రాలేదని ఎంత మురిసిపోయాడో! తన ఆయాసం ఎప్పుడు కనిపెట్టారో, ఆ బెల్టు సంగతి ఎప్పుడు కూడబలుక్కున్నారో, నలుగురూ ఇన్నాళ్లూ కిక్కురుమనలేదు.

"మోసేవాళ్లం మేం ఉన్నాం," అన్నాడు డ్రైవరు. "నువ్వు లేని నాలుగు నెలల్లో రెండు నిలువుటద్దాలు పగిలాయి. ఒక డైనింగు టేబులైతే మెట్ల మలుపులో ఇరుక్కుంది. సాయంత్రం దాకా ఆ ఇంటాయన దాని కింద నుంచి పాక్కుంటూ బయటికీ లోపలికీ తిరిగాడు. మేస్త్రి ఎప్పుడొస్తాడని ఓనరు రోజూ మా ప్రాణం తీశాడు. ముందు నడిచి ఎటు తిప్పాలో చెప్పేవాడు లేకపోతే మా నలుగురి బలమూ దండగే."

మేస్త్రి కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గేసింది, సంతోషమూ వేసింది, ఏది ముందు వచ్చిందో అతనికే తెలియలేదు. కండువాతో మొహమంతా గట్టిగా తుడుచుకున్నాడు.

"రెండేళ్లు మోశార్రా నా బరువు! నాతో ఒక్క మాటైనా చెప్పాలి కదరా?"

పొడుగోడు లేచి భుజాన బెల్టు వేసుకున్నాడు.

"చెబుదామనే చూశాం మేస్త్రీ. నువ్వు మాటల మధ్యలో ఎక్కడ ఆగావు గనక!"