కిటికీలో ఎర్రాకులు

అక్కడే ఆగండి మేడమ్. మాస్కున్నా సరే, గుమ్మం దాటొద్దు. ముందొక మాట చెప్పండి. నా సంగతి మీ చెవిన వేసిందెవరు?

చెప్పకూడదా? బాగుందండీ మీ రూలు. చాడీలు మోసినవాళ్ల పేరేమో గుట్టు. నా పేరూ, నా గది నంబరూ మాత్రం మీ చేతిలో. కాలేజీ కౌన్సెలరు నా తలుపు తట్టిందని ఈపాటికి హాస్టలంతా తెలిసిపోయుంటుంది.

స్వెన్సన్ మాస్టారే కదూ? ఆయన ఆన్‌లైన్ క్లాసులో నేను కూర్చుంటేగా. అక్టోబరులో తలూపుతూ ఓ వీడియో తీసుకున్నా. రోజూ అదే పెట్టేసి ముసుగుతన్ని పడుకుంటున్నా. మొన్న ఉన్నట్టుండి, "ఇంగ్రిడ్, మినసోటా అంతా మంచు కప్పేస్తే నీ కిటికీలో ఇంకా ఎర్రాకులేంటమ్మా?" అన్నాడు. అందరూ నవ్వారు. దుప్పట్లోంచి విన్నా. నా బొమ్మేమో బుద్ధిగా తలూపుతూనే ఉంది.

అవుననరు, కాదనరు. పోనీ గ్రెటానా? నా రూమ్మేటే. కరోనా భయంతో ఇంటికి చెక్కేసి, ఇప్పుడు రోజూ "తిన్నావా" అని మెసేజీలు. ఇక్కడున్నప్పుడు లేని ప్రేమ ఇప్పుడెక్కడ పుట్టుకొచ్చిందంటారు? మీరే అడిగిస్తున్నారేమో, ఎవరికి తెలుసు.

ఊహూఁ. మీ కళ్లలో ఏమీ దొరకట్లేదు. మిగతా మొహమంతా మాస్కు మింగేసింది.

నా భయం నాదండీ. ఎదురుగది కోల్బీ, ఏడుపాగట్లేదని మీ ఆఫీసులో చెప్పుకున్నాడు. ఆ వారంలోనే వాళ్ల నాన్న ట్రక్కేసుకొచ్చి సామానుతో సహా తీసుకుపోయాడు. సెలవట. నాకూ అలాగే సెలవిచ్చి పంపేస్తే? మా అమ్మ వృద్ధాశ్రమంలో నర్సు. తమ్ముడికి అంటుకుంటుందేమోనని ఈ చలిలో కారు పెట్టే గరాజ్‌లో పడుకుంటోంది. నేనూ వెళ్లి ఆవిడ నెత్తిన కూర్చోనా?

అందుకే లోతు చూద్దామనుకున్నా. నిన్న మీకు ఫోన్ చేసి, "మా ఫ్రెండు తినట్లేదు, నిద్రపోవట్లేదు, మీకు చెబితే ఇంటికి పంపేస్తారా?" అని అడిగిన పిల్ల గుర్తుందా? పంపం, ముందు మాట్లాడతాం అన్నారు. గది నంబరడిగారు. తడబడి నాదే చెప్పేశా.

ఇంతసేపూ నేను గుచ్చిగుచ్చి అడిగింది, ఆ పిల్ల గుట్టు బయటపెడతారేమో చూద్దామనే. పెట్టలేదు మీరు.

ఫ్రెండెవరూ లేరండీ. లోపలికి రండి. ఆ తలుపు దగ్గరగా వేయండి.