లెమ్యుయల్ రాయని వాక్యం

సభాధ్యక్షులు డీకన్ బార్జిలై వుడ్రఫ్ గారికి, తన జన్మలో ఇంత తొందరగా ప్రసంగం ముగించి ఎరుగని పాస్టరు గారికి (నవ్వులు), పెద్దలకు, ముప్పై అయిదేళ్లుగా నా పొయ్యిలోంచి నిప్పు పట్టుకెళ్లిన ఇరుగుపొరుగు ఆడవాళ్లందరికీ నమస్కారం.

ఈ మందిరంలో ఆడది పాట పాడొచ్చు, మొగుడి ఉత్తరం చదవొచ్చు. సొంత మాట చెప్పడం మాత్రం ఆనవాయితీ కాదు. రెండు ముక్కలు చెప్పి కూర్చోమని డీకన్ గారు ముందే హెచ్చరించారు. రెండు ముక్కలే చెబుతాను, కాకపోతే రెండోది కాస్త పెద్దది.

రేపు పొద్దున్నే మా అమ్మాయి దగ్గరికి ఒహాయో వెళ్లిపోతున్నాను. మా ఆయన, అంటే మీ సెనేటర్ లెమ్యుయల్ హాలిస్టర్ గారు, ఆ గోడమీది పటంలో ఉన్నారు. బతికుండగా కోటుకు అన్ని గుండీలు పెట్టుకోగా నేనెన్నడూ చూడలేదు. (నవ్వులు) ఆ పటం కింద ఆయన వాక్యం చెక్కించారు: "వాళ్లు గుమ్మం దాకా వచ్చినా తలుపు తీయకండి." డీకన్ గారి భార్య కెజయా అక్క వీడ్కోలు కానుకగా నాకిచ్చిన ఈ బొంత మీద కూడా ఎర్రదారంతో అదే కుట్టింది. వాళ్లబ్బాయి ఆమస్ సమాధిరాయి మీదా అదే ఉంది.

పదిహేడు వందల డెబ్బై ఆరు నాటి ఆ చలికాలం గుర్తుంది కదా. మన సైనికులు న్యూజెర్సీ మీదుగా పారిపోతున్నారు, ఇంగ్లండు రాజుగారి సైన్యం ఇక్కడికి రెండు రోజుల దూరంలో ఉంది. రాజుకు లోబడి ఉంటామని క్షమాపత్రం మీద సంతకం చేసినవాళ్ల జోలికి రామని చాటించారు. కాంగ్రెసు సభలో ఉన్న మా ఆయన నుంచి ఉత్తరం వస్తే ఆదివారం ప్రార్థన అయ్యాక అందరూ వినడం మన అలవాటు. ఆయన రాత కోడి గెలికినట్టుండేది, నాకు తప్ప ఎవరికీ అంతుపట్టేది కాదు. అందుకే ఎప్పుడూ ఇక్కడే నిలబడి నేనే చదివేదాన్ని. ఆ ఆదివారమూ చదివాను. మధ్యాహ్నానికల్లా పదకొండు మంది కుర్రాళ్లు తుపాకులు తీసుకుని వెళ్లారు. ముగ్గురు తిరిగి రాలేదు, వాళ్లలో ఆమస్ ఒకడు.

పటం పక్కన పెడతామని మీరడిగిన ఆ ఉత్తరం ఇదిగో. ఇందులో ఆ వాక్యం లేదు.

(గుసగుసలు)

డీకన్ గారూ, కూర్చోమని సైగ చేయకండి. ఇన్నేళ్లూ కూర్చునే ఉన్నాను. ఇవాళ ఉన్నది ఉన్నట్టు చదువుతాను: "మెహిటబెల్, మనం ఓడిపోయాం. అందరినీ సంతకం చేసెయ్యమను. ఇక ఏ తల్లి కొడుకూ చావక్కర్లేదు."

ఆవేళ నాకు భయం కన్నా కోపం ఎక్కువగా వచ్చింది. కాగితం చేతిలో పట్టుకుని నా మనసులో ఉన్నది చదివేశాను. ఇంటికొచ్చాక సంగతి తెలిసి ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "నన్ను ఎంత ఎత్తున నిలబెట్టావంటే, ఇక దిగడానికి మెట్లు లేవే" అన్నారు. దిగలేదు కూడా. పోయేదాకా ఆ వాక్యానికి తగ్గట్టే బతికారు. ఆయన్ని చూసి గర్వపడ్డాను, ఆమస్ సమాధి దాటిన ప్రతిసారీ సిగ్గుపడ్డాను. దేశం గెలిచింది కనక నేను చేసింది ఒప్పేనని మీలో కొందరనొచ్చు. ఆ మాట అనే హక్కు కెజయా అక్కదే.

అక్కా, ఈ బొంత నీ ఒళ్లోనే పెడుతున్నాను. రేపు నా బండి మీ గుమ్మం ముందు ఆగుతుంది. ఇవ్వాలనిపిస్తే తెచ్చి ఇవ్వు. నువ్వు తలుపు తీయకపోతే, నేను దిగి తట్టను.

ఇంతకాలం నా నోటి మాట నమ్మినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.