‘ఆగిన నాడె’ను రాసిన మా తెలుగు పండితులు

పంతొమ్మిది వందల తొంభై ఒకటి, ఆగస్టు పన్నెండు, సోమవారం. ఆనాడు మర్కూక్ సమీపంలోని ఒక ప్రాథమికోన్నత పాఠశాల హాజరు పట్టికలో తెలుగు పండితులుగా తొలి సంతకం చేసిన శ్రీ ఖుతుబుద్దీన్ గారు, ఈ నెలాఖరున సిద్దిపేటలోని మా ఉన్నత పాఠశాలలో తుది సంతకం చేసి పదవీ విరమణ పొందుతున్నారు. తొలి సంతకం నాడు ఆకాశం ముసురు పట్టి ఉన్నదట. వారి పేరు విన్న ఊరి పెద్దమనిషి ఒకాయన, “తెలుగు సారును పంపుమంటే ఉర్దూ సారును పంపిన్రేంది?” అని బడి గుమ్మంలోనే నిలదీశాడు. ఖుతుబుద్దీన్ గారు పిల్లలను చాపల మీద కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టారు. ఆ పెద్దమనిషి గుమ్మానికి ఆనుకొని గంట కొట్టేదాకా విని, పోతూ పోతూ, “మా ఇంటి కాడికెళ్ళి పో సారూ, పాలు పోస్త” అన్నాడు.

తదుపరి చేర్యాలకు బదిలీ అయ్యారు. పటం విప్పుతూ బొమ్మ వెంట బొమ్మ చూపి కథ చెప్పే సంప్రదాయం ఉన్న ఆ ఊళ్లోనే, కథను కాగితం మీద పెట్టడానికి ముందు మనుషుల ముఖాల మీద పరీక్షించాలన్న పద్ధతి వారికి అలవడింది. బాలల కోసం తాము రాసిన ప్రతి పేజీనీ తరగతిలో చదివేవారు. ఎక్కడ పిల్లల చూపు కిటికీ వైపు మళ్ళితే అక్కడ కలంతో గీత కొట్టేవారు. “ఈడ బోరు గొడ్తుంది సార్” అన్న పిల్లవాణ్ణి మెచ్చుకొని, “నువ్వు నా సంపాదకుడివిరా” అనేవారు. ఈ విధంగా గీతలు పడగా మిగిలిన పేజీలతోనే వారి మూడు బాలల కథా సంపుటాలు వెలువడ్డాయి.

రెండు వేల పదిలో మా పాఠశాలకు విచ్చేశారు. మా బడి నేతగాళ్ళ వాడకు ఆనుకొని ఉంటుంది. మధ్యాహ్న భోజనం వండే పోశమ్మ ఆ వాడ మనిషే. ఆమె భర్త అంజన్న గుంట మగ్గం మీద గొల్లభామ చీరలు నేసేవాడు. పని గిట్టుబాటు కాక అంతకు ముందు యేడే మహారాష్ట్రలోని భివండికి, మరమగ్గాల మీద పనికి పోయాడు. కొన్నాళ్ళు ఫోన్లు వచ్చాయి. పిమ్మట ఆగిపోయాయి. వెతకడానికి పోయినవాళ్ళు వట్టి చేతులతో తిరిగి వచ్చారు. ఉన్నాడన్న మాట లేదు, లేడన్న మాట లేదు. ఇంట్లో మగ్గం మీద దుప్పటి కప్పి ఉండేది.

పోశమ్మ బిడ్డ ప్రవీణ ఆరో తరగతిలోకి వచ్చిన యేడు ఖుతుబుద్దీన్ గారు ఆ కథను నవలగా రాయ సంకల్పించి, ముందుగా పోశమ్మ అనుమతి కోరారు. “పిల్లలు సదువుకునే కథనే గదా సారూ, రాసుకోండ్రి” అన్నదామె. అదే ‘ఆగిన నాడె’. నేతలో అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆగిపోతే ఒక చిన్నపిల్ల చెవికి ఇల్లు ఎట్లా వినిపిస్తుందో చెప్పిన నవల అది. చివరి అధ్యాయం చదివిననాడు తరగతిలో పిల్లలందరూ, “బాపు వచ్చినట్టు రాయుండ్రి సార్” అని బతిమిలాడారు. ప్రవీణ ఒక్కతే లేచి, “రాలే గదా సార్. రాకున్నా వచ్చిండని రాస్తే మా అవ్వ కొడ్తది” అన్నది. తరగతి నవ్వింది. ఖుతుబుద్దీన్ గారు నవ్వలేదు. నవలలో తండ్రి రాలేదు.

ఆ పుస్తకం పలువురి మన్ననలు పొందింది. కొన్నేళ్ళకు దినేశ్ అనే యువ దర్శకుడు దానిని కుటుంబ చిత్రంగా తీయదలచి వారి ఇంటికి వచ్చాడు. అన్నీ నచ్చాయి కానీ, “తండ్రి రాకపోతే జనం థియేటర్ల నుంచి ఇంటికి ఎట్ల పోతరు సార్?” అన్నాడు. ఖుతుబుద్దీన్ గారు రెండు రోజులు గడువు అడిగి, మూడో రోజు సరేనన్నారు. సినిమాకు నవల పేరే ఉంచారు. ముగింపు ఒక్కటే మార్చారు.

రెండు వేల ఇరవై రెండులో ఆ చిత్రం సిద్దిపేటకు వచ్చినప్పుడు వారు ఉపాధ్యాయులతో పాటు వంట సిబ్బందిని కూడా వెంటబెట్టుకొని వెళ్ళారు. తెర మీద పోశమ్మ ఇల్లు ఉన్నట్టే ఉన్నది. తండ్రి పోతూ తాడుతో కట్టుకున్న సంచి, నూలుకు పట్టే గంజి వాసన పడని పిల్ల, దుప్పటి కప్పిన మగ్గం, అన్నీ ఉన్నాయి. ఆఖరున గడ్డం పెరిగిన తండ్రి గుమ్మం దాటి వచ్చి, దుప్పటి తీసి, గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. పోశమ్మ చప్పట్లు కొట్టలేదు. కొంగు నోట్లో కుక్కుకొని తెర వైపే చూస్తూ ఉండిపోయింది. మర్నాడు చేతులకు కొత్త గాజులు తొడుక్కొని బడికి వచ్చింది.

ప్రవీణకు అప్పటికే చేర్యాల అబ్బాయి నరేశ్‌తో సంబంధం కుదిరింది. పోశమ్మ అన్న కర్ణాకర్, ఆయన భార్య పీటల మీద కూర్చొని కన్యాదానం చేయాలని పెద్దలు నిర్ణయించారు. సినిమా చూసి వచ్చిన పోశమ్మ ఆ మాట కాదన్నది. “పిల్ల బాపు వచ్చినంక గాయనే కూసుంటడు. వేరేటోళ్ళు పీటల మీద కూసుంటే, ఆయన లేడని మేమే ఒప్పుకున్నట్టు కాదా?” అన్నది. ముహూర్తం ఒకసారి తప్పింది. రెండోసారీ తప్పింది. పిల్లవాని తండ్రి వచ్చి, “చెల్లె, ఇంకో నెల చూస్తం. గంతకంటే మాతోని కాదు” అని చెప్పి పోయాడు. ప్రవీణ ఏడుస్తూ ఖుతుబుద్దీన్ గారి ఇంటికి వచ్చింది.

వారి శ్రీమతి హుస్నాబీ గారు ఆ పిల్లకు చాయ్ పోసి ఇచ్చి, భర్త వైపు తిరిగి, “తెర మీద మీ పేరు ఇంత పెద్దగ పడ్డది కదా జీ. ఇప్పుడు గా పేరు తీస్కొని పోశమ్మ ఇంటికి పోండ్రి” అన్నారు. వారు చెప్పులు వేసుకొని ప్రవీణతో పాటు బయలుదేరారు.

పోశమ్మ ఇంట్లో మగ్గం మీది దుప్పటి తీసి ఉన్నది. ఆమె గుంటలోకి దిగి దుమ్ము ఎత్తుతున్నది.

“రా సారూ. ఏమన్న కబురా?”

“కబురు లేదు పోశమ్మా.”

“నాకెందుకు దాస్తున్రు? పుస్తకంల ఆయన రాకపాయె. సినిమాల వచ్చె. నడుమ మీకేదో కబురు అందినట్టే గదా? మీరు లేంది రాసేటోళ్ళు కాదు.”

ఖుతుబుద్దీన్ గారు గడప మీద కూర్చున్నారు. “ఏ కబురు అందలేదు. గాళ్ళు అడిగిన్రు, నేను ఒప్పుకున్న. ఒక్కసారన్న అంజన్న గా గుమ్మం దాటంగ చూడాలని నాకు గూడ అనిపించింది. గంతే.”

“గంతేనా?”

“గంతే పోశమ్మా.”

“మరి గా మనిషి... నడిచొచ్చుడు గూడ ఆయన తీర్గనే ఉండె గదా సారూ.”

“ఆయన యాక్టరు. హైదరాబాద్‌ల ఉంటడు.”

పోశమ్మ చేతిలోని దుమ్మును గుంటలోనే దులిపేసింది. ఆపైన, “ఇంకెవలన్న చెప్పుంటే సినిమానే గదా అనుకుందును. మీరని నమ్మిన” అన్నది. గుంటలోంచి ఎక్కి వచ్చి మగ్గం మీద దుప్పటి కప్పింది. “పిల్లా, మామకు ఫోన్ చెయ్. పీటల మీద కూసునుడు గాళ్ళనే కూసొమ్మను” అన్నది.

పెండ్లి జరిగింది. కర్ణాకర్ దంపతులు పీటల మీద కూర్చున్నారు. ఖుతుబుద్దీన్ గారు, హుస్నాబీ గారు పందిట్లో వెనుక వరుసలో నిలబడ్డారు. ముత్తయిదువలు పసుపు కుంకుమలు పంచుకునే వేళ పోశమ్మ వారి నడుమకు పోలేదు, మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడవాళ్ళ పక్కనా కూర్చోలేదు. వంట గాడిపొయ్యి కాడికి పోయి గరిటె పట్టుకున్నది. అక్షింతలు పడేటప్పుడు పొగలో నుంచి చూసింది.

ఆనాటి నుంచి పోశమ్మ ఖుతుబుద్దీన్ గారితో మాట్లాడదు. ఆనాటి నుంచే వారు ఇంటి నుంచి టిఫిన్ డబ్బా తేవడం మానుకొని, పిల్లల వెనుక వరుసలో పళ్ళెం పట్టుకొని నిలబడుతున్నారు. ఆమె అందరికీ పెట్టినట్టే పెడుతుంది. “ఇంట్ల నా వంట చేదైందా?” అని హుస్నాబీ గారు ఎత్తిపొడిచినా, సాటి ఉపాధ్యాయులు “సారుకు ఉప్పు ఎక్కువైనా అమృతమే” అని పరిహసించినా వారు పళ్ళెం ఊడ్చి తిని కడుక్కొని పోతారు. తరువాత ఎందరు కథల కోసం అడిగినా, వారు మరొక నవల రాయలేదు.

ముప్పయి యేండ్లు దాటిన సేవలో వారు పొందిన సత్కారాలు, తీర్చిదిద్దిన శిష్యులు అనేకం. వాటిని ఈ వీడ్కోలు సంచికలో ఇతర మిత్రులు వివరంగా ప్రస్తుతించారు. సిబ్బంది అందరి నుంచి రెండేసి మాటలు సేకరించే క్రమంలో పోశమ్మ వద్దకూ వెళ్ళడం జరిగింది. ఆమె అన్నం గంప మీద మూత పెట్టి, చాలాసేపు చేతులు తుడుచుకున్నది.

“సారు ఏం పాపం చేయలే. గది నాకెరుకే” అన్నది. “కని మాట్లాడబుద్ధి అయితలేదు. మాట్లాడుత, ఎన్నటికన్న మాట్లాడుత. గా దినం వచ్చేదాక సారు మంచిగుండాలె. గట్లనే రాయుండ్రి.”

ఆమె చెప్పినట్టే రాయడమైనది. శ్రీ ఖుతుబుద్దీన్ గారు ఆయురారోగ్యాలతో, హుస్నాబీ గారి తోడుగా, ఆ దినం వచ్చేదాకా, వచ్చిన తరువాత కూడా చిరకాలం ఉండాలని మా పాఠశాల మనసారా కోరుకుంటున్నది.