కారుకి మాసిక వేసిన అక్క

ఏమిటమ్మాయ్, పొద్దుట్నుంచీ ఆ కారు చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నావు? ఏదీ, ఆ తనిఖీవాళ్లిచ్చిన కాగితం ఇటివ్వు. నా కళ్లజోడు... నెత్తిమీదే ఉందా, సరే. 'అడుగు భాగము తుప్పు పట్టినది. ముప్పై రోజులలో బాగుచేయించి మళ్లీ చూపించవలెను.' ఓస్, ఇంతేనా. ఈ మాత్రానికే మొహం అలా వేలాడేశావేం? తూకానికి ఇచ్చేస్తావా? ఉండుండు, అంత తొందరేం. కూర్చో ఇలా. మా పెద్దక్క ఉండాల్సిందమ్మా ఇప్పుడు. నువ్వు పుట్టకముందే పోయిందిలే. హాల్లో ఫోటో చూశావుగా, మెళ్లో కొలతల టేపు వేసుకుని, ఫోటోగ్రాఫరు చొక్కా కుట్టు బాగాలేదన్నట్టు చూస్తూ ఉంటుందే, ఆవిడే. ఇలాంటి కారునే, ఇంతకంటే అన్యాయమైన కారుని, పెరట్లో నిలబెట్టి బాగుచేసింది. నవ్వకు. మెకానిక్కు కాదు, టైలరే. ముందుగదిలో మిషను పెట్టుకుని ఆ వీధి వీధంతటికీ బట్టలు కుట్టేది.

మా బావ బస్సు డ్రైవరు. నిలువెత్తు మనిషి. అంత పెద్ద బస్సు నడిపేవాడు ఇంటికి మాత్రం అగ్గిపెట్టెంత కారు కొన్నాడు, అందులో కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలేవి. ఇక నోరంటావా, అబ్బో. స్టీరింగు పట్టుకుంటే ఎదురొచ్చిన లారీనీ, పక్కనుంచి దూరిన సైకిలునీ, ఎర్రదీపాన్నీ కూడా వదలకుండా తిట్టేవాడు. తిట్టడం అంటే పళ్లు కొరికి కాదు, పాటలా సాగేది ఆయనకి. అట్లాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. కుడికాలు, కుడిచెయ్యి. ఉద్యోగం పోయింది. మాట పోలేదు, కానీ ఆయనే మానేశాడు. పెరటివైపు గదిలో కిటికీ మూసుకుని రెండేళ్లు. అన్నం తింటావా అంటే ఊఁ. నాలుగడుగులు వేద్దామా అంటే ఎందుకులే. డాక్టరేమో నడిస్తే కాలు నిలబడుతుందయ్యా అంటాడు, ఈయనేమో గోడకేసి తిరిగి పడుకుంటాడు. చూడలేకపోయేవాళ్లమమ్మా. నేను ఎప్పుడు వెళ్లినా ముందుగదిలోనే కూర్చుని వచ్చేసేవాణ్ణి, పిరికివాణ్ణి.

ఏమంటున్నానూ... ఆఁ, కారు. ఆ రెండేళ్లూ అది పెరట్లోనే పడి ఉంది. వానలన్నీ దానిమీదే. తనిఖీ తేదీ వచ్చింది, నడపడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కదా, నేను తీసుకెళ్లాను. ఆ ఇన్‌స్పెక్టరు కారు కింద దూరి స్క్రూడ్రైవరుతో అలా పొడిచాడో లేదో, పిడి దాకా దిగిపోయింది. నీకిచ్చినట్టే నాకూ ఓ కాగితం ఇచ్చాడు. షెడ్డుకి తీసుకెళితే అక్కడాయన వంగి చూసి, 'ఇది కారు కాదు సార్, జల్లెడ' అన్నాడు. ఇంటికొచ్చి చెప్పాను. బావ గదిలోంచే, 'అమ్మేయండి. నడిపేవాడే లేడు, కారెందుకు' అన్నాడు. ఆరునెలల్లో ఆయన మాట్లాడిన పెద్ద మాట అదే. అక్క మిషను మీంచి లేచింది. నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి, 'ఒరేయ్ తమ్ముడూ, ఆ కారు గుమ్మం దాటిందంటే ఆయన ఇంక ఆ మంచం దిగడురా. ఇప్పటికింకా ఎప్పుడో నడుపుతానని ఓ మూల ఆశ ఉంది. అది నేను పోనివ్వను' అంది. అని, 'జాకీ ఎక్కడుంది?' అంది. నేను కుంటిసాకులు చాలా చెప్పాను. నడుంనొప్పన్నాను. 'పడుకుని చేసే పనేగా' అంది.

మర్నాటి నుంచి మొదలు. జాకీతో లేపి, చక్రాల దగ్గర ఈ లావు చెక్క దిమ్మలు పెట్టించింది. జాకీని నమ్మి ఎవరూ కిందికి దూరకూడదని షెడ్డాయన చెప్పాడట, ఈవిడ ఒక్కో దిమ్మనీ నాలుగుసార్లు తన్ని చూసింది. చాపేసుకుని, తలకి పాతచీర ముక్క చుట్టుకుని, కిందికి దూరింది. నా పని లైటు పట్టుకోవడం, ఇనప బ్రష్షుతో గీకితే రాలే తుప్పు పెచ్చులు కళ్లల్లో పోయించుకోవడం. డోర్ల కింద పొడుగ్గా పెట్టెలాగా ఉంటుంది చూడు, అది రెండువైపులా పోయింది. డ్రైవరు కాళ్లు పెట్టుకునే చోట నేల కనిపిస్తోంది. ఆవిడకి అదేం కొత్తగా అనిపించలేదమ్మా. చిరిగిన గుడ్డని చూసినట్టే చూసింది. 'చిరుగు చుట్టూ నీరసించిన గుడ్డంతా తీసేయాలిరా, గట్టి గుడ్డ తగిలేదాకా. లేకపోతే మాసిక నిలవదు' అని, కత్తెరా రేకుకత్తెరా పక్కపక్కన పెట్టుకుని కూర్చుంది. ముందు పాత కాగితం చిల్లుకి అదిమి, అంచు వెంబడి బొగ్గు రాసి, కొలత తీసింది. రవిక చేతికి తీసినట్టే. చుట్టూ వేలెడు మడత వదిలింది. ఆ కాగితం రేకుమీద పరిచి సుద్దతో గీసి కత్తిరించింది. నువ్వు నమ్మవు, మొదటి ముక్కే అతికినట్టు కూర్చుంది. రెండో ముక్క మాత్రం తిరగేసి కోసింది. కింద పడుకుని తీసిన కొలత కదా, కుడి ఎడమైంది. 'ఎడమచెయ్యి రెండుసార్లు కుట్టినట్టయిందిరా' అని తనే నవ్వుకుంది.

వెల్డింగుతో అతకడానికి గేట్లాయన్ని పిలిచాం. పక్కవీధిలో గేట్లూ కిటికీ ఊచలూ చేసేవాడు. పెద్ద మీసం, చిన్న మాట. రేకుని గోటితో కొట్టి చూసి, 'అమ్మా, నేను గేట్లు అతికేవాణ్ణి. ఈ పల్చటిదానికి నా మంట తగిలితే కాగితంలా కాలిపోతుంది, మిగిలింది ముడతలు పడుతుంది' అన్నాడు. అక్క ఊరుకుంటుందా. 'ముడతలు ఎందుకు పడుతుందయ్యా? ఈ చివర్నించి ఆ చివరకి ఒకే ఊపులో లాగితే పడుతుంది. ముందు కచ్చాకుట్టు వెయ్యి. ఇక్కడో చుక్క, అదిగో ఆ మూల ఇంకో చుక్క, చల్లారనివ్వు, మళ్లీ మధ్యలో. అలా చుట్టూ వచ్చాక ఖాళీలు నింపు' అంది. ఆయన మీసం తడుముకుని, సరే మీ సరదా ఎందుకు కాదనాలి అన్నట్టు మొదలుపెట్టాడు. బ్యాటరీ తీగ విప్పించాడు, సీట్లు తీయించాడు, పెట్రోలు టాంకు కూడా దింపించి అవతల పెట్టించాడు, జాగ్రత్తపరుడే. కాళ్లకింద పరిచిన పట్టా తీయమన్నాడు, తీశానన్నాను. వెనకది తీయలేదు. కాసేపటికి పొగ. అక్క బకెట్టెడు నీళ్లు కారులో సగం, నామీద సగం పోసింది. అప్పుడే మొదటిసారి చూశాను, బావ గది కిటికీ రెక్క ఇంత, వేలు దూరేంత తెరుచుకుని ఉంది. అక్క కూడా చూసింది. చూసి చూడనట్టు, 'ఊఁ, కానివ్వండి' అని కాస్త గట్టిగా అంది.

నాలుగు వారాలు పట్టింది. మాసికలన్నీ పడ్డాయి. ఎర్ర రంగు, దానిమీద తారులాంటి నల్ల రంగు రెండు పూతలు. కింద పడుకుని చూస్తే కొత్తగా కుట్టిన కోటులా ఉంది. సంబరపడి అక్క కారంతా నాలుగు బకెట్లతో కడిగింది. సీట్లూ టాంకూ మళ్లీ బిగించి దిమ్మలు తీశాక, నేను ఎక్కి కాస్త వెనక్కి తీసి బ్రేకు వేశాను. అంతే, కిటికీ రెండు రెక్కలూ ధడాలున తెరుచుకున్నాయి. 'ఆపరా.' బావ. 'లోపల నీళ్లున్నాయి. మళ్లీ కదుపు.' కదిపాను. ఈసారి నాకూ వినబడింది, డోర్ల కింద కుండలో తొణికినట్టు. అక్క మొహం పాలిపోయింది. ఏం జరిగిందంటే, ఆ డోర్ల కింద పెట్టె ఉంది చూడు, పైనుంచి దిగిన వాననీళ్లు కారిపోవడానికి దానికి అడుగున చిల్లులుంటాయట. ఇది కంపెనీ చిల్లు, ఇది తుప్పు చిల్లు అని ఈవిడకేం తెలుసు? చిల్లు కనబడితే మూయకుండా ఉండలేని చెయ్యి అది. ఒక్కటి మిగల్చకుండా అన్నీ మూసేసింది.

తనిఖీకి ఇంకా రెండ్రోజులే గడువు ఉంది. అక్క ఆ తడి నేలమీదే చతికిలబడి ఏడ్చేసిందమ్మా. మా అమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. నేను బకెట్టు పట్టుకుని నిలబడ్డాను. ఇంతలో లోపల కర్ర చప్పుడు. ఒక అడుగు, ఈడ్పు, ఒక అడుగు, ఈడ్పు. రెండేళ్ల తర్వాత పెరటి గుమ్మంలో మా బావ. చెమటలు కక్కుతున్నాడు. నేను ముందుకి వెళ్లబోతే కర్రతోనే ఆగమన్నాడు. తనే వచ్చి, అక్క మిషను ముందు వేసుకునే స్టూలు వేయించుకుని, కారు పక్కన కూలబడ్డాడు. ఎడమచేతి వేళ్లతో రేకుమీద కొట్టుకుంటూ పోయి, 'ఇక్కడొకటి. మధ్యలో ఒకటి. వెనక చక్రానికి జానెడు ముందు ఒకటి. అవతలా అంతే' అన్నాడు. అక్క ముక్కు తుడుచుకుని, 'తెలిసినవారు ముందే చెప్పొచ్చుగా' అంది. 'నువ్వడిగావా?' 'అడిగితే పలికారా మీరు?' బావ ఎడమచెయ్యి చాపాడు. 'ఇప్పుడు పలుకుతున్నాగా, సుద్ద తే' అన్నాడు. గేట్లాయన డ్రిల్లు పట్టుకొచ్చాడు. పొడిచిన చోటల్లా నీళ్లు ధార కట్టాయి. 'నీళ్లన్నీ కారి, లోపల ఆరేదాకా ఎవరూ ముట్టుకోకండి' అని బావ హుకుం. మర్నాడు అక్క ఒక్కో చిల్లుకీ అంచులు ఆకురాయితో నున్నగా అరగదీసి, చుట్టూ రంగు పూసి, 'ఇంతేగా, కాజాలు' అంది. ఆ రెండ్రోజులూ బావ ఆ స్టూలు దిగలేదు. అన్నం కూడా అక్కడే.

ఇన్‌స్పెక్టరు అదే మనిషి, అదే స్క్రూడ్రైవరు. కింద దూరి పొడిచాడు, ఠంగుమంది. ఇంకోచోట పొడిచాడు, ఠంగుమంది. ఎంతసేపటికీ బయటికి రాడు. వచ్చి చేతులు దులుపుకుని, 'ఏ షెడ్డు?' అన్నాడు. 'షెడ్డు కాదండీ, మా అక్క. టైలరు' అన్నాను. నన్ను ఓసారి ఎగాదిగా చూసి, ముద్ర వేసిచ్చాడు.

కాగితం తెచ్చి బావ చేతిలో పెట్టాను. చదివాడు. మడిచి జేబులో పెట్టుకుని, 'ఇంక నా కాలు పెడలు తొక్కదు, నాకు తెలుసు' అన్నాడు. అక్క చూపు కిందికి దించింది. 'అందుకని, నువ్వెక్కు' అన్నాడు. అక్కకి నడపడం రాదమ్మా. అంతా విప్పి బిగించింది గానీ ఆ సీట్లో ఒక్కసారి కూర్చుని ఎరగదు. లైసెన్సుకి కాగితాలు పెట్టించాడు. ఓ ఆదివారం పొద్దున్నే తను పక్కసీట్లో, అక్క స్టీరింగు ముందు, నేను వెనక ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని. మిషను తొక్కే కాలు కదా, రెండు పెడళ్లూ ఒకేసారి తొక్కేది. వీధి మలుపులో ఓసారి ఎగిరి ఆగిపోయింది. వెనకనుంచి లారీ హారను. అంతే, బావ కిటికీలోంచి తల బయటపెట్టి ఆ లారీవాణ్ణి అందుకున్నాడమ్మా, వాడి హారన్నీ, వాడికి లైసెన్సిచ్చినవాణ్ణీ... ఆపకుండా, ఊపిరి తిప్పుకోకుండా, పాటలా. అటు అయ్యాక ఇటు తిరిగి అక్కని పట్టుకున్నాడు, 'క్లచ్చి వదలమంటే చెప్పు విసిరినట్టు వదులుతావేమే' అని. రెండేళ్లయిందమ్మా ఆ గొంతు విని. అక్క స్టీరింగుమీద తల ఆనించి నవ్వుతోంది, వెనక లారీ మోగుతూనే ఉంది, 'ఇంకోసారి తిట్టండి, ఇంకోసారి' అంటోంది...

ఊఁ.

చినుకులు పడుతున్నట్టున్నాయి. వెళ్లు, తీగమీద బట్టలు తీయి.