ఏది వచ్చినా ఓకే

కంప్యూటర్ శిక్షణ కేంద్రం. పొద్దున. క్లాసు ఇంకా మొదలు కాలేదు. మాట్లాడుకుంటున్నది అక్కడి టీచరు, అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే ఆమె పెద్దమ్మ.

“ఆసుపత్రిలో అమ్మని అలా చూశాక నీతో మాట్లాడాలని కూడా లేదు పెద్దమ్మా.”

“నేనూ ముచ్చట్లకి రాలేదులే. రమ్మని కబురు పెట్టింది నువ్వేగా.”

“నిన్న పెట్టాను. నిన్న నీకు తీరలేదు.”

“నిన్నంతా మీ అమ్మ మంచం పక్కనే ఉన్నాను. నువ్వేమో ఇలా వచ్చి అలా వెళ్ళిపోయావు.”

“ఇవాళ ఆఫీసర్లు వస్తున్నారు పెద్దమ్మా! ఇదంతా సర్దుకోవద్దూ? సరే, అది వదిలెయ్. మధ్యాహ్నం మీ ఫ్యాక్టరీలో విచారణ. నిన్ను అడుగుతారు. ఏం చెప్తావ్?”

“ఏం చెప్పమంటావ్?”

“జరిగిందే చెప్పు. మెషిన్ మీద నువ్వున్నావు. అట్ట ఇరుక్కుంది. అమ్మ లోపల చెయ్యి పెట్టి లాగుతోంది. తెర మీద ఎర్ర డబ్బా వచ్చింది. పరధ్యానంలో నొక్కేశాను అను. అంతే.”

“పరధ్యానంలో.”

“అవును.”

“ఆ డబ్బాలో ఏం రాసుందో నాకు చదవడం రాదని మాత్రం అనకూడదు.”

“మూత తెరిచి ఉంది, అయినా నడపాలా అని ఇంగ్లీషులో ఇంత లావున రాసుంది! రాదని ఎలా అంటావ్? నీ సర్టిఫికెట్ మీ సూపర్‌వైజర్ గదిలో గోడకి వేలాడుతోంది.”

“వేలాడుతోంది. దాన్ని చూసే నన్ను తీసుకెళ్ళి ఆ కొత్త మెషిన్ ముందు నిలబెట్టారు. వద్దు బాబూ, నా పాత మెషిన్ నాకు చాలు అన్నాను. ‘పాసయ్యావు కదమ్మా’ అన్నాడు. పాసయ్యానా నేను? చెప్పవే. పాసయ్యానా?”

“మెల్లగా. బయటికి వినిపిస్తుంది.”

“వినిపించనీ! పరీక్ష రోజున నా చేతి మీద నీ చెయ్యి వేసి ఆ మౌస్‌ని గిరగిరా తిప్పింది ఎవరు? నేను కళ్ళద్దాలు పెట్టుకునేలోపే టిక్కు, టిక్కు, టిక్కు. ‘అయిపోయింది పెద్దమ్మా, ఇంక లే.’ అదీ నా చదువు.”

“అందరికీ అలాగే చేశాం. చెయ్యకపోతే సెంటర్ మూసేస్తారు. నూటికి నూరు మందీ పాసవ్వాలని పైనుంచి ఒకటే ఫోన్లు. మిగతా దేశాలతో పోటీలో మనం...”

“ఆ పాట ఆపు. గోడకి బ్యానర్ కట్టావుగా, కూడబలుక్కుని చదివానులే. ‘మీ నైపుణ్యమే దేశానికి బలం.’ మీ అమ్మకి రెండు వేళ్ళు పోయాయి. పోటీలో దేశానికి ఎన్నో స్థానం వచ్చిందో కనుక్కుని చెప్పు.”

“నా మీద ఎగురుతావేం? నొక్కింది నువ్వు! మనిషి చెయ్యి లోపలుంటే ఎవరైనా నొక్కుతారా? చదవడం రాకపోతే పోయింది, కళ్ళు కూడా లేవా?”

“ఎర్ర డబ్బా వస్తే ఏం చెయ్యాలని నేర్పావ్?”

“అది వేరే...”

“ఏం చెయ్యాలని నేర్పావే?”

“కంప్యూటర్లో వచ్చేది వేరు, మెషిన్లో వచ్చేది వేరు.”

“వేరని మాకెవరు చెప్పారు? ఇదేమిటమ్మా, ఏం రాసుంది అని నోరు తెరిచి అడిగానా లేదా? ‘అవన్నీ చదువుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది, ఏది వచ్చినా ఓకే నొక్కు, అదే పోతుంది’ అన్నావు. ఎర్రటిది వచ్చినా ఓకే, పచ్చటిది వచ్చినా ఓకే. ఎక్కాలు చెప్పించినట్టు అందరిచేతా పలికించావు. ముందు బెంచీలో కూర్చుని అందరికంటే గట్టిగా పలికింది ఎవరు?”

“అదంతా ఇప్పుడెందుకు?”

“చెప్పు.”

“అమ్మ.”

“మా అమ్మాయే టీచరు అని పక్కవాళ్ళకి చెప్పుకుని మురిసిపోయింది పిచ్చిది.”

“మాట మార్చకు. మధ్యాహ్నం నువ్వు వెళ్ళి నాకేమీ నేర్పలేదు అన్నావనుకో, నా ఉద్యోగం ఊడుతుంది. రేపటి నుంచి అమ్మని చూసుకోవాల్సింది నేను. అర్థమవుతోందా?”

“తప్పు నాది అంటే నన్ను గేటు బయటికి పంపేస్తారు. అది నీకు అర్థమవుతోందా?”

“నువ్వు చేసినదానికి నువ్వు కాక...”

“ఊఁ, ఆపావేం? అను.”

“అంటాను! తోడబుట్టిన చెల్లెలు. చెయ్యి లోపలుంది. ఎదురుగా నిలబడి నొక్కావు. నిన్ను పెద్దమ్మా అని పిలవడానికి నోరు రావట్లేదు నాకు.”

“అయితే పిలవకు. దానికి చెప్పొద్దక్కా అని మీ అమ్మ నా చెయ్యి పట్టుకుంది. సరే అన్నాను. విచారణలో కూడా నేనేనని చెప్పి ఊరుకుందామనుకునే వచ్చాను.”

“ఏం చెప్పొద్దంది?”

“కానీ ఇంకాసేపట్లో కొత్తవాళ్ళని ఈ బెంచీల మీద కూర్చోబెట్టి మళ్ళీ అదే పలికిస్తావు కదే నువ్వు. అందుకని నోరు కట్టేసుకోలేకపోతున్నాను.”

“పెద్దమ్మా, సరిగ్గా చెప్పు.”

“అట్ట ఇరుక్కుని మెషిన్ ఆగింది. మీ అమ్మ మూత తెరిచి చెయ్యి పెట్టగానే ఎర్ర డబ్బా వచ్చింది. నాకు ఇంగ్లీషు చదవడం రాదు కదా, భయమేసింది. చెల్లీ, దేన్నీ ముట్టుకోకు, మెకానిక్‌ని పిలుచుకొస్తా అని వెళ్ళాను. సగం దూరం పోయానో లేదో అరుపు వినిపించింది.”

“మరి... నొక్కింది?”

“ఎడమ చేత్తో తనే నొక్కుకుంది. ఎత్తుకెళ్తుంటే కూడా నన్నే సముదాయిస్తోంది. ‘మెకానిక్ దేనికిలే అనుకున్నానక్కా. ఏది వచ్చినా ఓకే నొక్కమని మా అమ్మాయే చెప్పింది కదా’ అని.”