చివర రాసే సి

ఇనప గనుల ఊరు బచేలిలో, రైల్వే క్వార్టర్ల వరండాలో నీలకంఠం మాస్టారు పన్నెండో తరగతికి ట్యూషన్ చెబుతుండగా, నిరుడు తన దగ్గరే చదివిన ప్రమీలారాణి జగదల్‌పూర్ కాలేజీ నుంచి వచ్చి గేటు దగ్గర నిలబడింది. ఆ పిల్ల మొహం చూడగానే ఆయన లేచి వెళ్లాడు.

“లెక్కల్లో పోయింది మాస్టారూ.”

“నువ్వా? ఇంటిగ్రేషన్ సూత్రాలన్నీ నీకు నోటికొచ్చు కదమ్మా.”

“ఇప్పటికీ వచ్చు. అక్కడ సూత్రాలు అడగలేదు. ఒక వంపు గీత గీసి, దాని కింద వైశాల్యం ఎంతని అడిగేరు. కట్టేను. మీరు చెప్పినట్టే చివర ‘ప్లస్ సి’ అని రాసేను. పొలం కొలిచి ఇన్నెకరాలని చెప్పి, పైన ఇంకెంత ఉందో తెలీదన్నట్టుందని వెక్కిరిస్తూ సార్ నా పేపరు క్లాసులో చదివేరు.”

“ప్రతి లెక్కకీ రాసీమన్నది నేనే. బోర్డు పరీక్షలో ఎక్కువ రాస్తే ఏమీ అనరు. మరిచిపోతే అర మార్కు పోద్ది.”

“అసలు ఆ సి అంటే ఏటి మాస్టారూ?”

దిగువన ఇనపరాయి గూడ్సు పోతోంది. ఆయన పెట్టెలు లెక్కపెడుతున్నట్టు అటే చూశాడు. చివరి పెట్టె కూడా దాటిపోయింది.

“నాకెవరూ చెప్పలేదమ్మా. నేనూ అడగలేదు.”

“మరి నేనెవర్ని అడగాలి?”

వరండాలోంచి ఒక అమ్మాయి కేకేసింది. “మాస్టారూ, ఈ లెక్కకి కూడా సి రాయాలా?”

ఆయన ప్రమీలారాణి వైపు చూడలేకపోయాడు.

“రాసీమ్మా,” అన్నాడు. “రాస్తే పోయేదేం లేదు.”